తోలు కడిగిన నీళ్ళు

నా రెండో కాన్పు ఆపరేషను కుట్లు తొమ్మిదో రోజున విచ్చుకున్నాయి. చీము పట్టింది. ఆ తర్వాత నెలన్నర పాటు పసిపిల్లని మా అత్తగారికి అప్పగించి, రోజు విడిచి రోజు ఆటోలో నరసరావుపేట ఆసుపత్రికి కట్టు మార్పించుకోవడానికి పోయేదాన్ని. మిరపకాయలు కోసే కాలం. దారి పొడుగునా కల్లాల్లో కాయలు ఆరబోసి ఉండేవి. ఆ ఘాటుకి దగ్గు వచ్చినప్పుడల్లా కడుపు రెండు చేతులతో అదిమి పట్టుకునేదాన్ని. ఆసుపత్రిలో కట్టు విప్పే నర్సమ్మ వయసు మళ్ళిన మనిషి, మాట కటువు, చెయ్యి మెత్తన. "ఏడిస్తే ఏడువు గానీ కదలమాక" అనేది. నేను ఏడ్చేదాన్ని, కదిలేదాన్ని కాదు.

ఆ బల్ల మీద పడుకుని ఫ్యానుకేసి చూస్తూ ఉండగానే నాకు ఈ ఆలోచన వచ్చింది. నేను ఫార్మసీ చదివినదాన్ని, కాలేజీలో అదే పాఠం చెప్పుకుని బతుకుతున్నదాన్ని. కుట్టు వెయ్యాలంటే సూది దిగాలి. సూది దిగిన ప్రతిచోటా ఒక చిల్లు. చిల్లున్న ప్రతిచోటా క్రిమికి దారి. కుట్టే లేకుండా, గాయం రెండు అంచుల్నీ దగ్గరికి చేర్చి అతికించేసి, అతికిన చోటికి క్రిమిని రానివ్వని జిగురు ఉంటే ఎంత బాగుండును అనుకున్నాను. అలాంటి జిగుళ్ళు ప్రపంచంలో లేకపోలేదు. కొన్ని పెద్దాసుపత్రుల్లో వాడతారు. ఖరీదెక్కువ, కొన్ని గట్టిపడి పెళుసుగా విరుగుతాయి, చాలావాటిలో క్రిముల్ని చంపే గుణం లేదు. నా పసిపిల్ల బళ్ళో చేరే నాటికి నేను ఆ విషయం మీదే పీహెచ్‌డీకి పేరు రాయించుకున్నాను.

నా జిగురులో రెండే ముఖ్యమైన సరుకులు. ఒకటి రొయ్యల పొట్టు నుంచి తీసే పొడి. అది క్రిములకి పడదు. రెండోది సముద్రపు నాచు నుంచి తీసే పొడి. నీళ్ళలో కలిపితే గంజిలా ఉంటుంది, కాస్త కాల్షియం తగిలిందంటే పాలు తోడుకున్నట్టు గట్టిపడుతుంది. చెప్పడానికి ఇంతే. చేయడానికి వచ్చేసరికి చుక్కలు కనపడ్డాయి. పొడిగా ఉన్న తోలు మీద బ్రహ్మాండంగా అతుక్కునేది, తడి తగలగానే జారిపోయేది. గాయమన్నాక తడి లేకుండా ఎక్కడ ఉంటుంది?

మా గైడు గుంటూరు వైపు యూనివర్సిటీలో ప్రొఫెసరు. మాట పొదుపు మనిషి. నేను నరసరావుపేట పక్కనున్న కాలేజీలో ఉద్యోగం చేసుకుంటూనే పరిశోధన చేసేదాన్ని. కాలేజీ వాళ్ళు ల్యాబులో కిటికీ వైపు ఒక బల్ల ఇచ్చారు, అది వాళ్ళ మంచితనం. కరోనాలో ఏడాదిన్నర ఊరకే పోయింది. తర్వాత పిల్లల చదువులు, నా క్లాసులు, మా ఆయన బదిలీ. గడువు ఒకసారి పొడిగించారు, రెండోసారీ పొడిగించారు. మూడోసారి వచ్చిన ఉత్తరంలో ఇదే చివరిదని రాసి ఉంది. మే నెలాఖరుకి థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. ఏడేళ్ళ పని బూడిదలో పోసిన పన్నీరు. అప్పటికి జనవరి నెల నడుస్తోంది.

పరీక్షలకి నాకు మేక తోలు కావాలి. నరసరావుపేటలో మేము మాంసం కొనే సాయిబు మామే ఇచ్చేవాడు. మామ అంటే చుట్టరికం కాదు, మా నాన్న కాలం నుంచీ ఆ కొట్టుకి అలవాటు, అందుకని ఆ పిలుపు. మొదటిసారి తోలు కావాలని అడిగినప్పుడు కత్తి పక్కన పెట్టి నా వంక ఎగాదిగా చూశాడు.

"అందరూ తోలు దీసేసి మాంసం ఇమ్మంటారు. నువ్వు మాంసం ఒద్దు తోలియ్యమంటన్నావ్. ఏంది తల్లీ, డప్పు చేయిస్తావా?"

విషయం చెప్పాను. ఆయనకి అర్థమైందో లేదో గానీ, పుండ్లకి మందు అనగానే ఇంక డబ్బు మాట ఎత్తలేదు. ప్రతి ఆదివారం పొద్దున్నే ఒక లేత తోలు విడిగా కవర్లో కట్టి ఉంచేవాడు.

తోలైతే దొరికింది గానీ దాని బొచ్చు నా ప్రాణానికి వచ్చింది. బొచ్చు ఉంటే జిగురు పట్టదు. బ్లేడుతో గీకాలి, తోలు తెగకుండా గీకాలి. నేను గీకితే తోలూ తెగేది, నా వేళ్ళూ తెగేవి. నాకసలే ముక్కు మీద కోపం. బ్లేడు విసిరికొట్టేదాన్ని. అప్పుడు మా ల్యాబు ఆయమ్మ వచ్చి, బ్లేడు తీసుకుని మిగతాది గీకేది.

ఆయమ్మ గురించి చెప్పాలి. ఆమెకి యాభై దాటి ఉంటాయి. పిడుగురాళ్ళ సున్నం బట్టీల్లో ఇరవై ఏళ్ళు పనిచేసి, దమ్ము జబ్బు పట్టుకుని ఊపిరాడక మానేసి, మా కాలేజీలో గాజు సామాను కడిగే పనికి చేరింది. కాంట్రాక్టు పని. ఎవరైనా లెక్చరరు వద్దంటే మర్నాటి నుంచి రావక్కర్లేదు. అయినా ఆమెకి భయమూ లేదు, మర్యాదల పట్టింపూ లేదు. నన్ను మేడమ్ అంటుంది, నువ్వు అంటుంది, రెండూ ఒకే మాటలో. తోళ్ళు కడగడం, ముక్కలు కోసి పెట్టడం ఆమె పని. అతికించడం, పరీక్షించడం నా పని.

పరీక్షలు రెండు. మొదటిది బలం పరీక్ష. రెండు తోలు ముక్కలు అంచులు కలిపి జిగురుతో అతికించి, ఒక చివర క్లిప్పుతో పైకి కట్టి, రెండో చివర ఖాళీ సెలైన్ సీసా వేలాడదీసి, అందులో కొద్దికొద్దిగా నీళ్ళు పోసేదాన్ని. ఎన్ని నీళ్ళకి ఊడిపోతే అంత బలం. పెద్ద మిషన్లు యూనివర్సిటీలో ఉన్నాయి గానీ, వాటి వంతు రావడానికి ముందు ఇక్కడ చూసుకోవాలి కదా. నా జిగురు పావు సీసా దాటేది కాదు. రెండోది క్రిముల పరీక్ష. తోలు మీద క్రిములు పూసి, కొన్ని ముక్కలకి జిగురు లేకుండా, కొన్నిటికి రొయ్యల పొడి కలపని ఉత్త జిగురు, కొన్నిటికి ఆ పొడి కలిపిన మందు జిగురు రాసి, మర్నాడు ఒక్కోదాన్నించి కాస్త తీసి క్రిములు పెరిగే గాజు ప్లేట్ల మీద రాయాలి. జిగురు లేని ప్లేటు మీద ఆవాలు చల్లినట్టు చుక్కలు లేవాలి. మందు జిగురు ప్లేటు శుభ్రంగా ఉండాలి. నాకు రెంటికీ పెద్ద తేడా వచ్చేది కాదు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం సాయిబు మామ ఇచ్చిన తోలు చూసి నోరు తెరిచాను. ఒక్క వెంట్రుక లేదు. తెల్లగా, నున్నగా, తామర రేకులా ఉంది. "ఈసారి మంచి తోలు దొరికింది తల్లీ" అన్నాడు నవ్వుతూ. నేను సంబరంగా తీసుకుపోయాను.

ఆ వారం నా జిగురు సీసా నిండా నీళ్ళు మోసింది. నేను భోజనానికి పోయి వచ్చేదాకా అలాగే వేలాడుతూ ఉంది. పాఠం చెప్పి వచ్చేదాకా ఉంది. మర్నాడు క్రిముల ప్లేట్లు తెరిస్తే మందు జిగురు ప్లేటు అద్దంలా ఉంది. ఒక్క చుక్క లేదు. ల్యాబులో ఎవరూ లేరని చూసుకుని చిన్న గంతు వేశాను. నలభై రెండేళ్ళ దాన్ని, అబద్ధమెందుకు, వేశాను.

ఆ తర్వాత మిగతా రెండు ప్లేట్లు తెరిచాను. అవీ అద్దంలాగే ఉన్నాయి. జిగురు రాయని తోలు నుంచి తీసిన ప్లేటు మీద కూడా ఒక్క క్రిమి లేవలేదు.

ఇక్కడే నేను చేసిన పని రాయాలి. రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, అది దాస్తే ఈ కథంతా దాచినట్టే. జిగురే రాయని చోట క్రిములు ఎందుకు చచ్చాయి అని ఆ నిమిషమే ఆగి ఉండాల్సింది. నేను ఆగలేదు. పూసిన క్రిములు పాతబడి చచ్చిపోయి ఉంటాయిలే అనుకున్నాను. చచ్చిపోయిన క్రిములైతే మందు జిగురు గొప్పేముంది అన్న ప్రశ్న నా మనసులోకి వచ్చింది, దాన్ని తలుపు దగ్గరే ఆపేశాను. డిసెంబరులో జిగురు రాయకుండా చేసిన పాత తోలు ప్లేటు ఫొటో ఫోనులో ఉంది, దాని నిండా చుక్కలు. ఆ ఫొటో పక్కన ఈ కొత్త ప్లేటు ఫొటో పెట్టి గైడుకి వాట్సాప్ చేశాను. ఇంకో రెండు వారాలు అలాగే కొత్త తోళ్ళతో చేశాను, అలాగే పంపాను. మాట పొదుపు మనిషి ఆ రోజు రెండు మాటలు రాశారు. "చాలా బాగుంది. రాయడం మొదలుపెట్టు."

మొదలుపెట్టాను. ఇంట్లో అందరికీ చెప్పాను. మా ఆయన స్వీటు తెచ్చాడు.

మార్చి మొదటి వారంలో ఆయమ్మ కడుగుతున్న తొట్టి దగ్గర నుంచి పిలిచింది.

"మేడమ్, ఈ తోళ్ళు కడిగిన నీళ్ళు చేతులు కొరుకుతన్నయ్. ఇది సున్నం. నాకు తెలవదా?"

ఆమె వేళ్ళ చివర్లు తెల్లగా ఉబ్బి, పొరలు లేచి ఉన్నాయి. అది కళ్ళారా చూసి కూడా నేను కసిరాను. "గ్లవ్స్ వేసుకో అని ఎన్నిసార్లు చెప్పాలి? వేసుకోవు. మళ్ళీ సున్నం, సుద్ద అని కబుర్లు. నీ పని నువ్వు చూసుకో ఆయమ్మా." ల్యాబులో చదువుకునే పిల్లలు ఇద్దరు ఉన్నారు. వాళ్ళ ముందే అన్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నాకు ఆ కోపం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు.  ఆమె చేతులు చీరకి తుడుచుకుని సీసాలు కడగడానికి పోయింది.

మర్నాడు నేను వచ్చేసరికి నా బల్ల మీద రెండు గాజు బీకర్లు పెట్టి ఉన్నాయి. ఆయమ్మ పక్కన నిలబడి ఉంది.

"ఇందులో పంపు నీళ్ళు. ఇందులో తోలు నానబెట్టిన నీళ్ళు" అంది. కొంగు ముడి విప్పి కాగితం పొట్లం తీసింది. పసుపు. రెండు బీకర్లలోనూ చిటికెడు చిటికెడు వేసి పుల్లతో కలిపింది. పంపు నీళ్ళు పసుప్పచ్చగా ఉండిపోయాయి. తోలు నీళ్ళు ఎర్రగా మారాయి. ఇంట్లో పసుపూ సున్నమూ కలిపి పిల్లలకి దిష్టి తీసే నీళ్ళు ఉంటాయే, అచ్చం ఆ ఎరుపు.

"నేను చదువుకోలా మేడమ్. ఇది మాత్రం తెలుసు" అంది.

పసుపు క్షారంలో ఎర్రబడుతుందని నేను ఏటేటా మొదటి సంవత్సరం పిల్లల చేత రికార్డులో రాయిస్తాను. తప్పు రాస్తే ఎర్ర సిరాతో కొట్టేస్తాను. క్షారమో కాదో చెప్పే కాగితాల పుస్తకం నా చేతికందే అరలోనే ఉంది.  ఒక్కసారిగా అన్నీ అర్థమయ్యాయి. తోలును సున్నంలో నానబెట్టారు, అందుకే బొచ్చు ఊడింది. ఆ సున్నం తోలులో మిగిలి ఉంది, అందుకే ఏ ప్లేటు మీదా క్రిమి బతకలేదు. సున్నంలో ఉన్నది కాల్షియమే, అందుకే నా నాచు పొడి రాయిలా గట్టిపడి సీసా నిండా నీళ్ళు మోసింది. నా జిగురు గొప్పతనమంతా సున్నానిది. మనిషి గాయంలో ఎవరూ సున్నం కలిపి పెట్టరు.

ఆ రోజంతా నా బుర్రలో ఒక పాడు ఆలోచన తిరిగింది. దాన్నీ రాస్తాను. ఈ సంగతి తెలిసింది ఆయమ్మకీ నాకూ. ఆయమ్మ మాట ఎవరు వింటారు? మే నెలాఖరుకి థీసిస్ ఇచ్చేస్తే పేరు ముందు డాక్టర్ వస్తుంది. ఎలాగూ ఈ జిగురు రేపే ఆసుపత్రికి పోదు, తర్వాత ఎవరో సరిచూసుకుంటారు. సాయంత్రం ఇంటికి పోతూ ఆటోలో కూర్చుని ఉండగా, ఆ తర్వాత సరిచూసుకునే ఎవరో కూడా నాలాంటి మనిషే అయితే, అనిపించింది. వాళ్ళకీ ఒక మే నెలాఖరు ఉంటే? అలా అందరూ తోసుకుంటూ పోతే చివరికి ఎవరో ఒక బాలింత కడుపు మీద నా జిగురు విచ్చుకుంటుంది. ఆటో ఆపించి దిగి సాయిబు మామ కొట్టు వైపు తిరిగాను.

కొట్టు వెనక నీలం ప్లాస్టిక్ డ్రమ్ము అడ్డంగా కోసి పెట్టి ఉంది. అందులో పిడుగురాళ్ళ సున్నం తేట. అందులో నా వచ్చే ఆదివారం తోలు.

"ఆమధ్య నీ బొటనవేలికి పట్టీ చూశా తల్లీ" అన్నాడు మామ. "ఆడకూతురు బొచ్చు గీక్కుంటా చేతులు కోసుకుంటంది, మనం చూస్తా ఊరుకుంటే ఏం బాగుంటది? మా నాయన తోళ్ళ యాపారం చేసినోడు. ఇట్టనే నానేసేవాడు. రెండ్రోజులు సున్నంలో ఉంచితే బొచ్చంతా చేత్తో దువ్వినట్టు వచ్చుద్ది. తర్వాత నాలుగు నీళ్ళు పోసి కడిగే ఇచ్చినా. బాగుండాయా తోళ్ళు?"

ఆయన మొహంలో సంతోషం కనపడుతూనే ఉంది. మెల్లగా చెప్పాను. తోళ్ళు చానా బాగున్నాయనీ, అంత బాగుండకూడదనీ, పచ్చి తోలు మీద చేస్తేనే పచ్చి గాయానికి పనికొస్తుందనీ. ఆయన చేతిలో కత్తి ఆగిపోయింది.

"నా వల్ల నీ పరీక్ష పోద్దా?"

"నీ వల్ల కాదు మామా. నేను చూసుకోవాల్సింది. చూసీ చూడనట్టు పోయాను."

 ఆయన డ్రమ్ములోని తోలు బయటికి తీసి పక్కన పారేశాడు. "అయితే గొరగాలి. అంతే గదా? మంగలి కత్తి తెప్పిస్తా. నేనే గొరిగిస్తా. పెళ్ళికొడుక్కి కూడా అంత నున్నగా గొరగరు, చూడు" అన్నాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఇంటికి వచ్చి గైడుకి ఫోను చేశాను. సున్నం సంగతి చెప్పాను. ఆయన అడిగారు, "మరి జిగురు రాయని కంట్రోలు ప్లేటు నిండా చుక్కలున్నాయి కదా? సున్నం ఉంటే అదీ ఖాళీగా ఉండాలి." ఆ ప్రశ్న వస్తుందని తెలుసు. అది డిసెంబరు ఫొటో అని చెప్పాను. 

"అది చాలా తప్పు" అన్నారు ఆయన. "తేదీ అడగకపోవడం నా తప్పు కూడా. గడువు మారదు. నేను అడిగినా ఇవ్వరు. నిజంగా ఎంత వస్తే అంత పట్టుకురా. తక్కువ వచ్చినా పర్వాలేదు. లేనిది మాత్రం తేవద్దు."

ఆయన తిట్టి ఫోను పెట్టేసి ఉంటే నేను అక్కడే ఆగిపోయేదాన్నేమో. ఆ చివరి మాటకి నేను ఇప్పటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

మర్నాడు ఆయమ్మకి క్షమాపణ చెప్పాను, ఆ పిల్లలిద్దరూ ఉన్నప్పుడే. ఆమె ఇబ్బంది పడిపోయింది. "ఊరుకో మేడమ్, ఏందిది" అని సీసాలు తీసుకుని పోయింది.

ఇంక మూడు నెలల్లేవు. పల్నాడు ఎండలు తెలిసినవాళ్ళకి ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేని ల్యాబు ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. కరెంటు పోతే క్రిములు పెంచే పెట్టె వేడి తప్పేది, ఆ బ్యాచి మొత్తం పారేసి మళ్ళీ మొదలు. సాయిబు మామ మాట తప్పలేదు. రంజాన్ ఉపవాసంలో ఉండి కూడా ఎండెక్కక ముందే గొరిగి పంపేవాడు. ఆదివారాలు కాలేజీకి సెలవైనా ఆయమ్మ టిఫిను బాక్సు పట్టుకుని వచ్చేసేది. రమ్మని నేను ఒక్కసారీ అడగలేదు. ప్రతి తోలూ కడిగాక ఆ నీళ్ళు బీకర్లో పట్టి చిటికెడు పసుపు వేసి నాకు చూపించేది. పచ్చగా ఉంటేనే ముక్కలు కోసేది. కాగితాలతో నేనూ చూసేదాన్ని, కానీ ఆమె పసుపు చూడందే నాకు చెయ్యి ఆడేది కాదు.

వచ్చిన ఫలితం గొప్పదేమీ కాదు. జిగురు పాళ్ళు మార్చి మార్చి చేస్తే తడి తోలు మీద అర సీసాకి కాస్త తక్కువ మోసింది. మందు జిగురు ప్లేటు అద్దంలా రాలేదు, అక్కడక్కడా చుక్కలు ఉన్నాయి. కానీ పక్కన ఆ రోజు తోలుదే, ఆ రోజు క్రిములదే కంట్రోలు ప్లేటు ఆవాలు చల్లినట్టుంది. ఆ తేడా నాది. ఆ ప్లేట్లు చూసి ఈసారి గంతు వేయలేదు. బల్ల మీద తల పెట్టుకుని కాసేపు ఊరకే ఉన్నాను. ఏడేళ్ళలో మొదటిసారి కడుపు నిండినట్టు అనిపించింది.

గడువుకి రెండు రోజుల ముందు థీసిస్ ఇచ్చాను. సున్నం తోళ్ళతో వచ్చినవన్నీ, అవి ఎందుకు పనికిరావో, అన్నీ ఒక అధ్యాయంగా రాశాను. పసుపు పరీక్ష కూడా రాశాను. గైడు ఆ వాక్యం కొట్టేస్తారనుకున్నాను, కొట్టేయలేదు.

వైవా శీతాకాలంలో జరిగింది. ఆయమ్మ సెలవు పెట్టి, గంజి పెట్టిన కొత్త చీర కట్టుకుని నాతోపాటే బస్సెక్కింది. "పరీక్ష నీకైతే భయం నాకేందో మేడమ్" అంది దారిలో. పరీక్షించడానికి పక్క రాష్ట్రం నుంచి వచ్చిన పెద్దాయన మిగతావన్నీ వదిలేసి సున్నం అధ్యాయం దగ్గర ఆగాడు. పసుపు ఎవరికి తట్టింది అని అడిగాడు. వెనక వరసలో కూర్చున్న ఆయమ్మని చూపించాను. ఆయన వచ్చీ రాని తెలుగులో ఆమెనే అడిగాడు, ఎలా కనిపెట్టావమ్మా అని.

"కనిపెట్టేదేముంది సార్. చేతులు కొరికినయ్" అంది ఆయమ్మ. గదిలో అందరూ నవ్వారు. గంట తర్వాత నాకు డాక్టరేటు ఇస్తున్నట్టు చెప్పారు.

తిరిగి వచ్చేటప్పుడు బస్టాండులో టీ తాగుతూ, అన్నాళ్ళూ అడగలేకపోయిన మాట అడిగాను. "పిల్లల ముందు అట్లా కసిరాను గదా ఆయమ్మా. నేను ప్రిన్సిపాలుతో ఒక్కమాట అంటే నీ పని పోయేది. అయినా మర్నాడు మళ్ళీ ఎందుకు చెప్పావు?"

ఆమె గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది.

"బట్టీ కాడ ఒకసారి జెప్పలా మేడమ్. అందుకని."

తర్వాత ఆగి ఆగి చెప్పింది. "నీళ్ళు బడిన సున్నం రాయి పైన పొడి గప్పుకుని ఉంది. లోపల కుతకుతా ఉడుకుతంది. మా అక్క గంప నెత్తిన బెట్టుకుని అటే వస్తంది, వట్టి కాళ్ళతో. నాకు కనపడతానే ఉంది. అరవబోయా. మేస్త్రీ పక్కనే ఉండాడు. ఆ పొద్దున్నే నోరెక్కువని అందరి ముందరా తిట్టినాడు. మళ్ళా తిడతాడని నోరు మూసుకున్నా. ఒక్క నిమిషం మేడమ్. ఆ పొడిలోనే కాలేసింది. రెండేళ్ళు ఆ పాదం పుండు మానలా. మూడు వేళ్ళు దీసేశారు. నేను చూశానని మా అక్కకి ఇప్పటికీ తెలవదు. నువ్వు కసిరిన రోజు ఇంటికి బోతే ఆ మేస్త్రీ గొంతే చెవుల్లో ఉంది."

 నా గొంతు ఆమెకి ఆ మేస్త్రీ గొంతులా వినపడిందన్న సిగ్గు ఒకవైపు, అయినా మర్నాడు కొంగున పసుపు కట్టుకుని వచ్చిందన్న కృతజ్ఞత ఒకవైపు. ఆ పసుపు లేకపోతే నేను ఈ పాటికి ఒక అబద్ధానికి డాక్టర్ని. ఆ మాటే ఆమెతో అన్నాను. "పోనీలే, అట్టా గాలా గదా" అంది.

మీ అక్కని ఒకసారి చూస్తాను అన్నాను. "జిగురు రాస్తావా?" అంది నవ్వి. రాయననీ, ఇంకా మనిషి ఒంటికి తగలకూడదనీ, ఊరకే చూస్తాననీ చెప్పాను. ఆ ఆదివారం ఇద్దరం పిడుగురాళ్ళ పోయాం. వాళ్ళక్క నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, తను చాప మీద కూర్చుని, అడగ్గానే కాలు చాపింది. పాదం ఒక పక్కంతా ముడతపడి, మెరుస్తూ ఉంది. ఇప్పుడు నొప్పి లేదమ్మా, చలికాలం పగుల్తది అంతే అంది. టీ పెడతానని లేవబోయింది.

అప్పటిదాకా గుమ్మంలోనే నిలబడి ఉన్న ఆయమ్మ లోపలికి వచ్చి, అక్క చెయ్యి పట్టుకుని మళ్ళీ కూర్చోబెట్టింది. తనూ పక్కన చాప మీద కూర్చుంది.

"టీ తర్వాత పెడుదువుగానీ. ఆ రోజు బట్టీ కాడ ఏం జరిగిందో నీకు జెప్పాలక్కా" అంది.

నేను లేచి చెప్పులేసుకుని, తలుపు దగ్గరికి వేసి, బయట వాకిట్లో నిలబడ్డాను.